బాలింత నొప్పికి మాత్ర: భయపడాల్సింది దేనికి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఈ అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా ఇన్ని కోతలు అవసరమా అన్న చర్చ లేస్తుంది. లేవాల్సిందే. అయితే ఆ చర్చలో ఎవరికీ గుర్తుకురాని సంగతి ఒకటుంది. కోత అవసరమైనా కాకపోయినా, అయిపోయాక ఆ తల్లి పొట్ట మీద కుట్లతో ఇంటికొస్తుంది. ఆ పొట్టకే బిడ్డను ఆనించుకుని రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి లేచి పాలివ్వాలి. మామూలు కాన్పయినా నొప్పి తప్పదు. కింద కుట్లు సలుపుతాయి. బిడ్డ చన్ను పట్టినప్పుడల్లా గర్భసంచి ముడుచుకుని పొత్తికడుపు మెలిపెడుతుంది. రెండో కాన్పులో, మూడో కాన్పులో ఆ బాధ ఇంకా ఎక్కువ. ఆపైన పాలు గడ్డకట్టిన రొమ్ములు, పగిలిన చనుమొనలు, పట్టేసిన నడుము. ఇన్నింటి మధ్య ఇంట్లో వినిపించేది ఒకటే మాట: పాలిచ్చేదానివి, మాత్రలు వేసుకోకు, బిడ్డకు దిగుతాయి. ప్రేమతో అనేదే. కానీ ఆ మాట రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. నిక్షేపంగా వేసుకోదగ్గ మందును తల్లికి దూరం చేస్తుంది. అన్ని మాత్రల్నీ ఒకే గాటన కట్టేస్తుంది కనుక, నొప్పి భరించలేని రోజున మెడికల్ షాపులో ఏది చేతిలో పెడితే అది మింగే పరిస్థితీ తెచ్చిపెడుతుంది. బాలింత నొప్పి మాత్రలకు భయపడాల్సిన పనిలేదని నేననడం లేదు. భయపడాల్సిన చోటే భయపడదామంటున్నాను.

ఈ భయానికి పుట్టిల్లు చాలావరకు గర్భిణిగా ఉన్న నెలలే. ఆ నెలల్లో డాక్టరు బ్రూఫెన్ లాంటి మాత్రలు వద్దని గట్టిగా చెబుతారు, అది సరైన సలహా. కడుపులోని బిడ్డ గుండె దగ్గర రెండు పెద్ద రక్తనాళాలను కలిపే ఒక దారి ఉంటుంది. పుట్టేదాకా అది తెరిచే ఉండాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుటుంబం మందులు ఆ దారిని ముందే మూసుకుపోయేలా చేయగలవు, బిడ్డ మూత్రపిండాల పనిని తగ్గించి ఉమ్మనీటినీ తగ్గించగలవు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 అక్టోబరులో, 20 వారాలు దాటిన గర్భిణులు ఈ మందులకు దూరంగా ఉండాలని హెచ్చరించింది. తొమ్మిది నెలలు ఈ మాట విన్న మనిషి బొడ్డుతాడు కోసిన మర్నాడు అదే మాత్ర ఆసుపత్రిలో ఇస్తే అనుమానపడటం సహజం. కానీ మాయ వేరు, చన్ను వేరు. మాయ గుండా తల్లి రక్తంలోని మందు బిడ్డ రక్తంలోకి నేరుగా, ఎడతెరిపి లేకుండా వెళ్లగలదు. పాలలోకి రావాలంటే పాలగ్రంథుల కణాలను దాటాలి, పాలలో పలచబడాలి, ఆ పాలు బిడ్డ కడుపులో పడి అక్కడి ఆమ్లాన్ని తట్టుకోవాలి, పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కాలి. ఇన్ని గడపలు దాటాక మిగిలేది ఎంత అన్నదే ప్రశ్న. పాలలోకి దిగుతుందా అని అడిగితే దాదాపు ప్రతి మందుకూ అవుననే చెప్పాలి. ఆ జవాబు నిజమే, కానీ దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఐబుప్రొఫెన్‌నే చూద్దాం. రక్తంలో ఈ మందు 99 శాతానికి పైగా ప్రొటీన్లను అంటిపెట్టుకుని తిరుగుతుంది. గుంజకు కట్టేసిన దూడ కంచె దాటలేనట్టే, ప్రొటీన్‌కు అతుక్కున్న మందు పాల కణాలను దాటలేదు. పైగా ఇది ఆమ్ల స్వభావం ఉన్న మందు. రక్తం కంటే పాలలో క్షారగుణం కాస్త తక్కువ కనుక ఇలాంటి మందులు పాల వైపు కంటే రక్తం వైపే ఉండిపోతాయి. సుమారు రెండు గంటల్లో రక్తంలోని మోతాదు సగానికి పడిపోతుంది. ఆరు గంటలకోసారి 400 మిల్లీగ్రాముల చొప్పున వేసుకున్న 12 మంది తల్లుల పాలను 1980లలో పరీక్షిస్తే, రోజు మొత్తం మీద బిడ్డకు చేరేది 1 మిల్లీగ్రాము కూడా ఉండదని తేలింది. ఆ 1 మిల్లీగ్రాము ఎంతటిదో తెలియాలంటే ఇంకో లెక్క చూడాలి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్లో పైన చెప్పిన గుండె దారి మూసుకోకపోతే వైద్యులు ఇదే ఐబుప్రొఫెన్‌ను రక్తనాళం ద్వారా నేరుగా ఇస్తారు. మొదటి మోతాదు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. కిలో బరువున్న పసిగుడ్డుకు మందుగా ఇచ్చేది పది మిల్లీగ్రాములైతే, మూడు కిలోల బిడ్డకు పాలలో రోజంతా కలిపి వచ్చేది ఒకటి లోపు.

ఈ పోలికను శాస్త్రవేత్తలు ఒక కొలతగా మార్చారు. తల్లి తన బరువులో కిలోకు ఎంత మందు వేసుకుంటోంది, బిడ్డకు తన బరువులో కిలోకు పాలలో ఎంత అందుతోంది, రెండోది మొదటిదానిలో ఎన్నో వంతు. అది 10 శాతం లోపు ఉంటే సాధారణంగా ఆమోదించవచ్చన్నది చాలా దేశాల్లో పాటించే గీటు. ఐబుప్రొఫెన్‌కు అది 1 శాతం కూడా రాదు. పారాసెటమాల్‌కు ఎక్కువే, కొన్ని కొలతల్లో 9 శాతం దాకా వెళుతుంది. అయినా పారాసెటమాల్ అన్నది జ్వరమొస్తే అదే బిడ్డ నోట్లో మనం చుక్కలుగా వేసే మందు. పాల ద్వారా అందేది ఆ చుక్కల మోతాదులో చిన్న భాగమే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2002లో కలిసి తెచ్చిన మార్గదర్శిలో పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందుల వరసలోనే ఉన్నాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013 నివేదిక ఇంకా ముందుకెళ్లి, తల్లులకు అవసరపడే మందుల్లో ఎక్కువభాగం పాలివ్వడానికి అడ్డు కావని చెప్పింది. డైక్లోఫెనాక్ కూడా పాలలోకి చాలా తక్కువే వస్తుంది. సిజేరియన్ తర్వాత ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షను ఇవ్వడం మామూలే.

మొదటి మూడు నాలుగు రోజుల విషయంలో ఒక మెలిక ఉంది. అప్పుడు పాలగ్రంథుల కణాల మధ్య సందులు ఇంకా పూర్తిగా మూసుకుని ఉండవు, అందువల్ల మందులు కాస్త సులువుగా జారతాయి. ఇది చెప్పి ముర్రుపాలు పిండి పారబోయించేవాళ్లూ ఉన్నారు. కానీ మొదటి రోజున తల్లికి వచ్చే ముర్రుపాలన్నీ కలిపినా కొద్ది చెంచాలే. చెంచాడు పాలలో ఉండే మందు ఎంతని? సిజేరియన్‌కు నడుములో ఇచ్చే మత్తు మందు కూడా ఈ లెక్కలో పట్టించుకోవాల్సింది కాదు. తల్లికి తెలివి వచ్చి బిడ్డను పట్టుకోగలిగితే పాలివ్వొచ్చు.

మా రోజుల్లో ఏ మాత్రలు మింగాం, మేం పిల్లల్ని పెంచలేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. అడిగే హక్కు వాళ్లకుంది, వాళ్ల ఓర్పు చిన్నది కాదు. కానీ ఆ ఓర్పుకు చుట్టూ ఒక ఏర్పాటుండేది. పురుడు పుట్టింట్లో జరిగేది, నీళ్లు పోయడానికి ఒకరు, పత్యం వండడానికి ఒకరు, బిడ్డను కాళ్ల మీద వేసుకోవడానికి ఇంకొకరు ఉండేవారు. పొట్టను ఏడు పొరలుగా కోసే శస్త్రచికిత్స నూటికి అరవై మందికి జరిగేది కాదు. అయినా అసలు ప్రశ్న వేరే. తల్లి నొప్పిని ఓర్చుకుంటే బిడ్డకు మేలు జరుగుతుందా? దీనికి జవాబు వెతికిన విచిత్రమైన ప్రయోగమొకటి 1948లో అమెరికాలో అచ్చయింది. చేసినవాళ్లు మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ అనే దంపతులు. ప్రయోగానికి కూర్చున్న పాలిచ్చే తల్లి నైల్సే. కొన్ని రోజులు ఆమె ప్రశాంతంగా పాలిచ్చింది. కొన్ని రోజులు పాలిచ్చే సమయంలో కాళ్లు మంచునీళ్లలో పెట్టించారు, కాలివేళ్లు నొప్పి పుట్టేలా లాగారు, లెక్కలడిగి కరెంటు షాకులిచ్చారు. పాలకు ముందూ తర్వాతా బిడ్డను తూచారు. ప్రశాంతంగా ఉన్న రోజున బిడ్డ తాగింది సగటున 168 గ్రాములు. నొప్పి పెట్టిన రోజున 99. అదే నొప్పి పెట్టి, ఆక్సిటోసిన్ ఇంజెక్షను ఇచ్చిన రోజున 153. పాలు తగ్గలేదు, రొమ్ములోనే ఉన్నాయి. వాటిని బయటికి తోసే ఆక్సిటోసిన్ విడుదలకు నొప్పి అడ్డుపడింది. ఒక్క తల్లి మీద చేసిన ప్రయోగం నుంచి అందరికీ సూత్రాలు తీయకూడదు, నిజమే. కానీ బాధ, ఆందోళన ఆక్సిటోసిన్‌ను అణుస్తాయన్న ఆ గమనిక తర్వాత కూడా నిలబడింది. కుట్ల నొప్పితో పళ్లు బిగించి పాలివ్వబోయే తల్లికి పాలు పడటం లేదని చెప్పి మూడో రోజుకే డబ్బా పాలు మొదలుపెట్టే ఇళ్లలో ఈ లెక్క ఎవరూ వేయరు.

భయానికి ఆధారం బొత్తిగా లేదా అంటే, ఉంది. ఎక్కడుందో వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో ప్రపంచం మొత్తాన్నీ భయపెట్టిన ఒక కేసు ఉంది, దాని రెండో సగం చాలామందికి చేరలేదు. 2005 ఏప్రిల్‌లో కెనడాలోని టొరంటోలో, ఆరోగ్యంగా పుట్టిన ఒక మగశిశువు 13వ రోజున చనిపోయాడు. కాన్పు నొప్పికి తల్లికి కోడీన్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు రాశారు. కోడీన్ నల్లమందు కుటుంబానికి చెందినది. దానికదిగా బలహీనమైన మందే, కానీ కాలేయంలోని ఒక ఎంజైము దానిలో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరిలో పుట్టుకతో ఆ ఎంజైము జన్యువులు అదనంగా ఉంటాయి, వాళ్లలో మార్ఫిన్ ఎక్కువగా, వేగంగా తయారవుతుంది. ఆ తల్లికి అలాంటి జన్యువులున్నాయని తేలింది. శిశువు రక్తంలో మిల్లీలీటరుకు 70 నానోగ్రాముల మార్ఫిన్, దాచి ఉంచిన తల్లిపాలలో 87 నానోగ్రాములు ఉన్నాయి. 2006లో గిడియన్ కోరెన్ బృందం లాన్సెట్ పత్రికలో దీన్ని ప్రచురించింది. తల్లిపాల ద్వారా మార్ఫిన్ విషప్రభావం అన్న మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. యూరప్ ఔషధ సంస్థ 2013లో పాలిచ్చే తల్లులు కోడీన్ వాడకూడదంది. ఎఫ్‌డీఏ 2017 ఏప్రిల్‌లో కోడీన్‌కు ట్రమడాల్‌ను కూడా జతచేసి, రెండూ పాలిచ్చే తల్లులకు సిఫారసు చేయడం లేదని ప్రకటించింది.

ఇప్పుడా రెండో సగం. పై అంకెలతో ఎవరైనా చేయగలిగిన గుణకారం ఒకటుంది. బిడ్డ రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. మిల్లీలీటరుకు 87 నానోగ్రాముల చొప్పున లెక్కేస్తే రోజంతటికీ కిలోకు 13 మైక్రోగ్రాముల మార్ఫిన్. ఆసుపత్రిలో నవజాత శిశువుకు తీవ్రమైన నొప్పి ఉంటే ఒక్కసారిగా రక్తనాళంలోకి ఇచ్చే మోతాదు కిలోకు 50 నుంచి 100 మైక్రోగ్రాములు. నోటి ద్వారా వెళ్లిన మార్ఫిన్‌లో కొంత భాగమే రక్తంలోకి చేరుతుంది కూడా. రోజుకు 13 మైక్రోగ్రాములు నోట్లోకి వెళితే రక్తంలో 70 నానోగ్రాముల స్థాయి ఎలా వచ్చింది? టొరంటోకే చెందిన డేవిడ్ జూర్లింక్, జొనాథన్ జిపర్‌స్కీ ఈ ప్రశ్న వేసి, తల్లిపాల ద్వారా అలా జరగడం నమ్మశక్యం కాదని వాదించారు. ఇదే కేసు మీద వ్యాసాలు వేసిన రెండు కెనడా పత్రికలు వాటిని ఉపసంహరించుకున్నాయి. ఆ మందు పాల నుంచే వచ్చిందన్న నిర్ధారణ గట్టిగా నిలబడలేదన్నమాట. 2023లో బీఎంజే పత్రికలో వచ్చిన ఒంటారియో అధ్యయనం ఇంకా పెద్దది. కాన్పు తర్వాత నల్లమందు కుటుంబం మందులు తీసుకున్న 85 వేల పైచిలుకు తల్లుల బిడ్డల్ని, తీసుకోని అంతేమంది తల్లుల బిడ్డలతో పోల్చారు. 30 రోజుల్లో తిరిగి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు రెండు వర్గాల్లోనూ 3.5 శాతమే. ట్రమడాల్ సంగతి చూస్తే, సిజేరియన్ అయిన 75 మంది తల్లుల పాలను 2008లో ఆస్ట్రేలియాలో పరీక్షించి, బిడ్డకు అందేది తల్లి మోతాదులో 3 శాతం లోపేనని కనుగొన్నారు.

మరి నియంత్రణ సంస్థలు పొరబడ్డాయా? నేనలా అనను. జన్యువులు ఎవరిలో ఎలా ఉన్నాయో ముందుగా తెలియదు. పుట్టిన మొదటి వారాల్లో శిశువు కాలేయం, మూత్రపిండాలు మందును త్వరగా వదిలించుకోలేవు. అంతకంటే మెరుగైన మందులు రెండు మూడు చేతికి అందుతున్నప్పుడు కోడీన్‌ను, ట్రమడాల్‌ను పక్కన పెట్టడమే వివేకం. అయితే ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకటి రెండు ట్రమడాల్ మోతాదులు తీసుకున్న తల్లి బిడ్డకు విషం ఇచ్చినట్టు కుమిలిపోవాల్సిన పనిలేదు. ఆ కారణంతో పాలు మాన్పించాల్సిన పని అంతకంటే లేదు. ఇంటికొచ్చాక రోజుల తరబడి వాడటం మాత్రం వేరే సంగతి. ఫిలిప్ ఆండర్సన్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన సమీక్ష ఇక్కడ ఉపయోగపడుతుంది. తల్లిపాల ద్వారా మందు వల్ల బిడ్డకు హాని జరిగిందంటూ అప్పటిదాకా వైద్య పత్రికల్లో వచ్చిన 100 ఉదంతాలను వాళ్లు ఏరి చూశారు. మందే కారణమని ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటీ లేదు. బహుశా కావచ్చన్నవి 47, కావడానికి అవకాశముందన్నవి 53. వందలో 78 మంది రెండు నెలల లోపు పసివాళ్లు, ఆరు నెలలు దాటినవాళ్లు నలుగురే. అంటే మందు పేరుతో పాటు అడగాల్సిన మొదటి ప్రశ్న బిడ్డ వయసు. పది రోజుల గుడ్డుకూ పది నెలల పాకే పిల్లకూ ఒకే హెచ్చరిక వర్తించదు. నెలలు నిండకుండా పుట్టిన, తూకం తక్కువున్న, గుండెలోనో మూత్రపిండాల్లోనో లోపమున్న బిడ్డల విషయంలో ఏ మాత్రకైనా ముందు పిల్లల డాక్టరును అడగాల్సిందే.

ఇంత చెప్పాక అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి. అది మన వీధి చివర మెడికల్ షాపులో ఉంది. ఒళ్లు నొప్పులకు మాత్రివ్వమంటే మన దగ్గర ఒకే మందున్న మాత్ర వచ్చే అవకాశం తక్కువ. రెండు మూడు మందుల కలగూర వస్తుంది. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. పాలిచ్చే తల్లికి ఆ రెండూ ఇబ్బంది లేనివే. కానీ జీరోడాల్-పి అంటే అసిక్లోఫెనాక్, పారాసెటమాల్. అసిక్లోఫెనాక్ పాలలో ఎంత చేరుతుందన్నదాని మీద సరైన కొలతలు లేవు, ఐబుప్రొఫెన్‌కు ఉన్నంత భరోసా దీనికి లేదు. అల్ట్రాసెట్ చూడటానికి మామూలు నొప్పి మాత్రలాగే ఉంటుంది, లోపల ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325. కడుపునొప్పికి ఇంటింటా ఉండే మెఫ్టాల్-స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్‌తో పాటు డైసైక్లోమిన్ ఉంటుంది. ఈ డైసైక్లోమిన్‌ను ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, పాలిచ్చే తల్లులూ వాడకూడదు. పసివాళ్లలో ఊపిరి తడబడిన ఉదంతాలు నమోదయ్యాయి. కాన్పు తర్వాత పొత్తికడుపు మెలిపెట్టినప్పుడు బాలింత చేతికి మొదట అందేది ఈ మాత్రే కావడం ఎంత విపరీతం! ఇక నిమెసులైడ్. 12 ఏళ్ల లోపు పిల్లలకు దాన్ని ఇవ్వరాదని భారత ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. పిల్లలకు వద్దన్న మందును పాల దారిన మాత్రం ఎందుకు పంపాలి? అర్థంలేని కలగలుపు మాత్రలను కేంద్రం విడతలవారీగా నిషేధిస్తూనే ఉంది. 2018లో 328, 2024 ఆగస్టులో మరో 156. నిషేధించినవాటిలో పారాసెటమాల్, ట్రమడాల్, కెఫీన్, టారిన్ నాలుగూ కలిపిన మాత్ర కూడా ఉందంటే మన మార్కెట్టు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

కలగలుపుల్లో ఇంకో చిక్కు తల్లికే. జ్వరంగా ఉందని డోలో 650, నడుముకు జీరోడాల్-పి, జలుబుకు ఇంకో మాత్ర వేసుకుంటే మూడింటిలోనూ పారాసెటమాలే. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, 50 కిలోల కంటే తక్కువ బరువున్నవాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు అంతకంటే తక్కువే. దాటితే దెబ్బతినేది కాలేయం. ఐబుప్రొఫెన్ బిడ్డకు ఇబ్బంది కాకపోయినా కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఈ మందుతో పెచ్చరిల్లే ఉబ్బసం ఉన్న తల్లికి ఇబ్బందే. కాన్పు సమయంలో రక్తపోటు పెరిగినవాళ్లు కూడా డాక్టరును అడిగే వేసుకోవాలి. తిన్నాక వేసుకోవడం, అవసరమైనన్ని రోజులే వాడటం అందరికీ వర్తిస్తుంది. ఆస్పిరిన్‌ను నొప్పి మందుగా పాలిచ్చే తల్లులు మానుకోవడం మంచిది. గుండె జబ్బుకో రక్తం గడ్డకట్టకుండానో డాక్టరు రాసే 75 మిల్లీగ్రాముల చిన్న ఆస్పిరిన్ వేరు, దాన్ని సొంతంగా ఆపకూడదు. నాప్రోక్సెన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి పసిగుడ్డు ఉన్న తల్లికి ఒకటి రెండు రోజులకు మించి తగదు. పార్శ్వపు తలనొప్పికి సుమట్రిప్టాన్‌ను డాక్టరు సలహాతో వాడొచ్చు, ఎర్గొటమిన్ ఉన్న పాత మాత్రలు మాత్రం వద్దు.

పెట్టెలోని కాగితం మీద పాలిచ్చే తల్లులు వాడరాదని స్పష్టంగా రాసి ఉంటే మీరెవరు వాడమనడానికి అని ఒక పాఠకురాలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. (ఆ మడతల కాగితం చదవడానికి భూతద్దం కావాలి, చదివాక గుండె దిటవూ కావాలి.) పాలిచ్చే తల్లుల మీద కంపెనీలు పరీక్షలు జరపడం అరుదు. పరీక్ష జరగనప్పుడు వాడొద్దని రాయడం కంపెనీకి అన్నిటికంటే క్షేమం. ఆ వాక్యం చాలాసార్లు హాని రుజువైందని చెప్పదు, ఎవరూ కొలవలేదని చెబుతుంది. డైసైక్లోమిన్ లాంటి చోట అదే వాక్యం నిజమైన హెచ్చరిక. ఏది ఏదో మనం కాగితం చూసి తేల్చలేం, అందుకే తేల్చే చోటు ఒకటుండాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వెబ్‌సైటులో దొరికే ల్యాక్ట్‌మెడ్ అనే సమాచార నిధి అలాంటిది. ఒక్కో మందు పాలలో ఎంత చేరిందో, బిడ్డల్లో ఏం కనిపించిందో దొరికిన ప్రతి కొలతా అందులో ఉంటుంది, ఉచితంగా చూడొచ్చు. ఆంగ్లంలో ఉండటం మనవాళ్లకు అడ్డంకే. కానీ డాక్టరుకు, ఫార్మసిస్టుకు, ఆసుపత్రి నర్సుకు అది అడ్డంకి కాదు కదా.

అనుమానం ఉన్నప్పుడు రెండు రోజులు పాలు ఆపేస్తే పోయేదేముందన్నది మరో వాదన, పైకి చూస్తే చాలా పెద్దమనిషి తరహాది. పోయేది చాలా ఉంది. రొమ్ము ఖాళీ కాకపోతే పాల తయారీ తగ్గుతుంది, రొమ్ము గడ్డకడుతుంది, వాపొచ్చి జ్వరం వస్తుంది. ఆ జ్వరానికి మళ్లీ మాత్రలు, ఈసారి యాంటీబయోటిక్‌తో కలిపి. రొమ్ము వాపునకు తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ అకాడమీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఐబుప్రొఫెన్ లాంటి మందును, చల్లటి కాపడాన్ని, పాలివ్వడం కొనసాగించడాన్నే చెబుతున్నాయి. మందుకీ పాలకీ మధ్య ఎడం కావాలనిపిస్తే సులువైన దారి ఉంది. బిడ్డ తాగడం అయిపోయిన వెంటనే మాత్ర వేసుకుంటే, మళ్లీ తాగే వేళకు రక్తంలో దాని ఉధృతి తగ్గిపోతుంది. మాత్ర బదులు పైపూతలు రాసుకుందామనుకునేవాళ్లకు నడుముకు, మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్లు ఫరవాలేదు. చనుమొన దగ్గర ఏదీ రాయకూడదు, కర్పూరం ఘాటున్న బామ్‌లు బిడ్డ ముక్కుకు తగిలే చోట అసలే పనికిరావు.

బిడ్డలో గమనించాల్సిన గుర్తులు కొన్నే, ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మామూలు కంటే ఎక్కువగా మగతగా ఉండటం, పాలకు లేపినా లేవకపోవడం, చన్ను పట్టి చప్పరించలేకపోవడం, ఒళ్లు వదులుగా వేలాడటం, ఊపిరి మెల్లగానో ఆగి ఆగో తీయడం, పెదవులు నీలంగా మారడం. ముఖ్యంగా తల్లి ట్రమడాలో కోడీనో వాడుతున్నప్పుడు, కోడీన్ ఉన్న దగ్గు మందు తాగుతున్నప్పుడు ఇందులో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. మందు వల్ల తేడా వచ్చిందనిపిస్తే దేశవ్యాప్తంగా ఔషధ దుష్ప్రభావాలను నమోదు చేసే ఉచిత నంబరు 1800-180-3024కు ఎవరైనా చెప్పవచ్చు, డాక్టరే చెప్పాలన్న నియమం లేదు.

కాన్పు చేసే వైద్యులకు ఒక మనవి. డిశ్చార్జి చీటీలో నొప్పికి ఏ మందు వేసుకోవాలో, ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకెన్నిసార్లో, ఎన్ని రోజులో, ఏవి వేసుకోకూడదో తెలుగులో నాలుగు పంక్తులు రాసివ్వండి. కంపెనీ పేరు కాకుండా లోపలి మందు పేరు రాయండి. ఆ చీటీ లేకపోతే బాలింత తరఫున మెడికల్ షాపుకు వెళ్లేవాళ్లు చేయాల్సిన పని ఒకటే: పాలిచ్చే తల్లికని, బిడ్డకు ఇన్ని రోజులని ముందే చెప్పి, పారాసెటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర గానీ ఐబుప్రొఫెన్ ఒక్కటే ఉన్న మాత్ర గానీ అడగండి. స్ట్రిప్పు వెనక రెండో మందు పేరు కనిపిస్తే అక్కడే వెనక్కిచ్చేయండి.